కథ, విశ్లేషణ, ఆ తర్వాతి ఆత్మపరిశీలన: ఎదుగుదలను ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒకే కోర్సులో మీరు ఒక కథ, ఒక స్వీయానుభవ కథనం, రెండు సాహిత్య విశ్లేషణ వ్యాసాలు రాశారు. ఈ నాలుగింటి మీదుగా రాతలో మీరు ఎలా ఎదిగారో పరిశీలించి రాయడమే ఇప్పుడు మీ చివరి అసైన్‌మెంట్. మీకు మూడు చిక్కులు ఎదురయ్యాయి. కథకూ విశ్లేషణకూ మధ్య చెప్పుకోదగ్గ సంబంధం కనిపించడం లేదు. రెండో విశ్లేషణకు మొదటిదానికన్నా తక్కువ మార్కులు వచ్చాయి. రాయడానికి కూర్చుంటే "నా ఆత్మవిశ్వాసం పెరిగింది", "నా ఆలోచనా పరిధి విస్తరించింది" వంటి మాటలు తప్ప మరేమీ రావడం లేదు. ఇటువంటి కోర్సులు చాలాకాలంగా చెబుతూ, ఇటువంటి వ్యాసాలు దిద్దుతూ ఉన్నవాడిని కనుక మూడో చిక్కుతోనే మొదలుపెడతాను. అది విడితే తక్కిన రెండింటిలోనూ సగం బరువు తగ్గుతుంది.

ఆ మాటలు అబద్ధాలని నేను అనను. నిజంగానే మీ ఆత్మవిశ్వాసం పెరిగి ఉండవచ్చు. కానీ చదివేవారికి దాన్ని సరిచూసుకునే మార్గం లేదు. "ఎలా ఎదిగారు?" అని అడగగానే చాలామంది విద్యార్థులు తమ మనసులోకి చూసుకుని, అక్కడ కనిపించిన భావాన్ని కాగితం మీద పెడతారు, దాంతో వ్యాసం కాస్తా కృతజ్ఞతా లేఖగానో, వాంగ్మూలంగానో తయారవుతుంది. మీ అధ్యాపకులు అడుగుతున్నది అది కాదు. ఈ వ్యాసాన్ని మీ మూడో విశ్లేషణ వ్యాసంగా భావించండి. ఈసారి విశ్లేషించవలసిన పాఠ్యం వేరే రచయితది కాదు, మీరు రాసిన నాలుగు రచనలూ వాటి చిత్తుప్రతులూ. ఒక కథను విశ్లేషించేటప్పుడు "ఈ కథ చాలా బాగుంది" అని ఊరుకోకుండా ఏదో ఒక వాక్యాన్ని ఎత్తి చూపి అది అక్కడ ఏ పని చేస్తోందో ఎలా వివరించారో, మీ రచన విషయంలోనూ అలాగే వివరించాలి. పరిశీలనకు పెట్టవలసింది మీ హృదయాన్ని కాదు, మీ నిర్ణయాలను.

కాబట్టి ఒక్క వాక్యం కూడా రాయకముందే సామగ్రిని పోగుచేసుకోండి. ప్రతి రచనకూ మొదటి చిత్తుప్రతి, చివరి ప్రతి, అధ్యాపకులు మార్జిన్‌లో రాసిన వ్యాఖ్యలు, తోటి విద్యార్థులు ఇచ్చిన సూచనలు అన్నీ ఒకచోట పెట్టుకోండి. గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వెర్షన్ హిస్టరీలో పాత ప్రతులు దొరుకుతాయి. వర్డ్‌లో రెండు ఫైళ్లను పోల్చి చూపించే సదుపాయం ఉంది. మొదటి ప్రతిని, చివరి ప్రతిని పక్కపక్కన పెట్టుకుని తేడాలను గుర్తించండి. ఎన్ని మార్పులు చేశారన్నది లెక్కలోకి రాదు. ఏ స్థాయిలో చేశారన్నదే చూడవలసింది.

ఈ స్థాయి అన్న మాటను కొంచెం వివరించాలి. అమెరికాలో రచనా బోధన గురించి పరిశోధించిన నాన్సీ సోమర్స్ 1980లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇరవై మంది విద్యార్థులనూ, రాయడంలో అనుభవమున్న మరో ఇరవై మంది పెద్దవారినీ పోల్చి చూశారు. ఒక్కొక్కరి చేత మూడేసి వ్యాసాలు రాయించి, ఒక్కో వ్యాసాన్నీ రెండుసార్లు తిరగరాయించి, ఏయే మార్పులు జరిగాయో గమనించారు. విద్యార్థులకు తిరగరాయడమంటే ప్రధానంగా మాటలు మార్చడం: వచ్చిన పదమే మళ్లీ వస్తే తీసేయడం, మెరుగైన పర్యాయపదం వెతకడం. చెప్పవలసిన విషయం మొదటి ప్రతిలోనే పూర్తయిపోయిందని, ఇక మిగిలింది దాన్ని శుభ్రం చేయడమేనని వారు భావించారు. అనుభవమున్న వారు మాత్రం తమ వాదానికి ఇంకా రూపం దొరకలేదన్న భావనతో, చదివేవారి కళ్లతో తమ ప్రతిని చూసుకుంటూ, పేరాలకు పేరాలనే కదిలించారు. మీ నాలుగు రచనల్లోని మార్పులను ఈ దృష్టితో చూడండి. మొదటి రచనలో మార్పులన్నీ పదాల దగ్గరే ఆగి, చివరి రచనలో ఒక్కచోటైనా మీరు ప్రతిపాదననే, అంటే వ్యాసం నిలబెట్టదలచిన ప్రధాన వాదాన్నే, మార్చుకుని ఉంటే, లేదా మూడో పేజీలో దాగి ఉన్న అసలు విషయాన్ని మొదటి పేజీకి తెచ్చి ఉంటే, మీ వ్యాసానికి కావలసిన ముడిసరుకు అక్కడే ఉంది. "నేను ఎదిగాను" అన్న మాట అవసరం లేకుండానే ఎదుగుదల కనిపించే చోటు అది.

రాస్తూండగా మీ ప్రతిపాదన మారిపోయిందని సంకోచపడనవసరం లేదు. లిండా ఫ్లవర్, జాన్ హేస్ అన్న పరిశోధకులు రాసేవారి చేత తమ ఆలోచనలను అప్పటికప్పుడు పైకి చెప్పించి, వాటిని నమోదు చేసి పరిశీలించారు. ప్రణాళిక వేసుకోవడం, వాక్యాలుగా పెట్టడం, సరిచూసుకోవడం అనేవి ఒకదాని తర్వాత ఒకటిగా జరగవనీ, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకువస్తూ ఉంటాయనీ, రాసే క్రమంలోనే లక్ష్యాలు కొత్తగా ఏర్పడుతుంటాయనీ 1981లో వారు వివరించారు. ముందు అనుకున్నది ఒకటి, చివరికి రాసింది మరొకటి అయితే, అలా ఎందుకు అయిందో చెప్పగలగడం మీ వ్యాసానికి బలమే.

ఇక కథకూ విశ్లేషణకూ ఉన్న సంబంధానికి వస్తాను. మీరు మీ రచనలను పంపలేదు కనుక ఒక ఉదాహరణను కల్పించి చెబుతాను. ఒక విద్యార్థిని తన కథ మొదటి ప్రతిలో ఇలా రాసిందనుకుందాం: "ఆయన చాలా కోపంగా ఇంటికి వచ్చాడు. ఇంట్లో అందరూ భయపడ్డారు." చివరి ప్రతిలో అదే చోట ఇలా ఉంది: "ఆయన తలుపు వేయకుండానే లోపలికి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. తమ్ముడు పైకి చదువుతున్న వాక్యాన్ని సగంలో ఆపేశాడు." రెండో రూపంలో కోపం అన్న మాటా లేదు, భయం అన్న మాటా లేదు. ఆ రెండింటినీ పాఠకుడే గ్రహించుకోవాలి. ఆగిపోయిన వాక్యం ఇంటి సంగతంతా చెబుతోంది.

అదే విద్యార్థిని మొదటి విశ్లేషణ వ్యాసం తొలి ప్రతిలో "రచయిత్రి ఈ కథలో ఒంటరితనాన్ని అద్భుతంగా చిత్రించారు" అన్న వాక్యం ఉందనుకుందాం. తిరగరాసినప్పుడు అది ఇలా మారింది: "కథ పొడవునా ఆమె ఇంట్లోవాళ్లను ప్రశ్నలు అడుగుతూనే ఉంటుంది, ఒక్క ప్రశ్నకైనా జవాబు రాదు. పేజీ నిండా ఉటంకింపు గుర్తులు ఉన్నా అక్కడ సంభాషణ లేదు. ఒంటరితనం అన్న మాటను రచయిత్రి ఎక్కడా వాడకపోవడానికి కారణం ఇదే: ఆ పనిని జవాబు లేని ప్రశ్నలు చేస్తున్నాయి." ఈ రెండు సవరణలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కథలో తాను "కోపం" అన్న మాటను తీసేసి ఒక చేష్టను పెట్టిన అనుభవం ఉన్నందువల్లనే, మరొకరి కథలో తీసేసిన మాట స్థానంలో ఏముందో వెతకాలన్న ఆలోచన ఆమెకు వచ్చింది. పాఠకురాలిగా చూసినప్పుడు ఆ జవాబు లేని ప్రశ్నల వరుస సాధారణ సంభాషణలా కనిపించవచ్చు. అటువంటి నిర్ణయాన్ని స్వయంగా తీసుకున్నవారికి మాత్రం అది నిర్ణయంగానే కనిపిస్తుంది.

సృజనాత్మక రచన విశ్లేషణకు ఇచ్చేది ఊహాశక్తి అని చాలామంది రాస్తారు. నా అభిప్రాయంలో అది చాలా వదులైన మాట. అసలు ఇచ్చేది ఇంతకన్నా నిర్దిష్టమైనది: ప్రతి వాక్యం మరోలా ఉండటానికి వీలున్నదన్న స్పృహ. కథను ఉత్తమ పురుషలో చెప్పాలా, ప్రథమ పురుషలో చెప్పాలా అని ఒక్కసారైనా తేల్చుకోలేక ఇబ్బంది పడినవారు, ఇతరుల కథలో కథకుడి ఎంపికను గాలిలా సహజమైనదిగా భావించి వదిలేయలేరు. విశ్లేషణ అంటే చాలావరకు ఇదే: ఉన్న రూపాన్ని, ఉండగలిగిన ఇతర రూపాలతో పోల్చి, తేడా వల్ల ఏమి జరిగిందో చెప్పడం.

ఎదురు దిశలో కూడా రాకపోకలు ఉంటాయి. వాటిని విద్యార్థులు తక్కువగా గుర్తిస్తారు. విశ్లేషణలో ఒక ఉటంకింపు ఇచ్చిన ప్రతిసారీ "దీని వల్ల ఏమిటి?" అని అధ్యాపకులు మార్జిన్‌లో అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్నకు అలవాటుపడిన తర్వాత మీ కథకే తిరిగి వెళ్లి చూస్తే, అక్కడ అందంగా ఉన్నా ఏ పనీ చేయని వర్ణనలు కొన్ని కనిపిస్తాయి. వాన గురించి ఒక పేరా ఉంటుంది. ఆ వాన కథలో ఎవరినీ తడపదు, ఎవరినీ ఆపదు, ఎవరి మాటనూ వినపడకుండా చేయదు. అటువంటి పేరాను మీరు స్వయంగా గుర్తించి తీసివేసి ఉంటే, అది విశ్లేషణ నేర్పిన పని అని ధైర్యంగా రాయవచ్చు. తీసివేయలేదు కానీ ఇప్పుడు చూస్తే కనిపిస్తోంది అన్నా సరే, అదీ రాయదగినదే.

అయితే రెండూ ఒకటేనని తేల్చివేయవద్దు. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది, దాన్ని పట్టుకోగలిగితే మీ వ్యాసం సామాన్య స్థాయి దాటుతుంది. కథ ఆధారాలను ముందు పెట్టి నిర్ధారణను పాఠకుడికి వదిలేస్తుంది. విశ్లేషణ ఆధారం నుండి నిర్ధారణ దాకా ఉన్న ప్రతి మెట్టునూ తానే ఎక్కి చూపించాలి. ఈ సరిహద్దు చెదిరినప్పుడు రెండు రకాల లోపాలు వస్తాయి. కథ బాగా రాసేవారి విశ్లేషణలో, ఒక చక్కని ఉటంకింపు ఇచ్చి, దాని పక్కన మౌనంగా నిలబడి, మిగతాది చదివేవారే అర్థం చేసుకోవాలన్నట్టు పేరాను ముగించడం కనిపిస్తుంది. కథలో అది సంయమనం. విశ్లేషణలో అదే అసంపూర్ణత. విశ్లేషణ బాగా రాసేవారి కథలో దీనికి తలకిందులుగా జరుగుతుంది: పాత్ర ఒక పని చేయగానే కథకుడు ముందుకు వచ్చి ఆ పని వెనుక ఉన్న మనస్తత్వాన్ని వివరిస్తాడు. మీలో ఈ రెండింటిలో ఏ మొగ్గు ఉందో మీ మార్జిన్ వ్యాఖ్యలే చెబుతాయి. "ఇంకా వివరించండి" అన్న వ్యాఖ్య విశ్లేషణల మీద, "ఇంత వివరణ అవసరమా" అన్న వ్యాఖ్య కథ మీద వచ్చి ఉంటే, మొదటి చూపులో అవి పరస్పర విరుద్ధంగా తోస్తాయి. అవి విరుద్ధాలు ఎందుకు కావో వివరించడమే ఒక పూర్తి వ్యాసానికి సరిపడే విషయం. నేను దిద్దిన మంచి ఆత్మపరిశీలన వ్యాసాలలో చాలావాటికి మూలం ఇటువంటి వైరుధ్యమే.

స్వీయానుభవ కథనం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఆ ప్రక్రియలో రెండు "నేను"లు ఉంటాయి: ఆనాడు ఆ అనుభవంలో ఉన్న నేను, ఈనాడు దాన్ని చెబుతున్న నేను. మొదటి నేనుకు తెలియనిది రెండో నేనుకు తెలుసు. ఆ ఎడాన్ని ఎక్కడ దాచాలి, ఎక్కడ బయటపెట్టాలి అన్నదే ఆ ప్రక్రియలోని శిల్పం. మీరు ఇప్పుడు రాయబోయే వ్యాసానికి కావలసింది కూడా సరిగ్గా ఇదే; మొదటి చిత్తుప్రతి రాసిన విద్యార్థి ఒకరు, దాన్ని ఇప్పుడు చదువుతున్న విద్యార్థి మరొకరు. మొదటివారిని ఎగతాళి చేయకండి. అప్పుడు ఆ వాక్యం అలా రాయడానికి వారికి ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. ఆ కారణాన్ని గౌరవంగా చెప్పి, తర్వాత అది ఎందుకు చాలలేదో చెబితే, చదివేవారికి మీ మాట మీద నమ్మకం కుదురుతుంది.

రెండో విశ్లేషణకు మార్కులు తగ్గిన విషయానికి వద్దాం. మార్కులు ఆ ఒక్క ప్రతి నాణ్యతను కొలుస్తాయి. రాసేవారిలో జరుగుతున్న మార్పును అవి నేరుగా కొలవలేవు. రెండు విశ్లేషణల్లో అడిగిన పని ఒకటేనా అన్నది మొదట చూడండి. సాధారణంగా మొదటి వ్యాసంలో ఒకే రచనను తీసుకోమంటారు. రెండోదానిలో రెండు రచనలను పోల్చమనో, ఒక విమర్శకుడి వాదాన్ని ఒప్పుకుంటూనో ఖండిస్తూనో రాయమనో అడుగుతారు. బరువైన పనిని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు, అప్పటికే వచ్చిన మెళకువలు కూడా కొంతకాలం చేజారుతాయి. మొదటి వ్యాసంలో శుభ్రంగా ఉన్న వాక్యనిర్మాణం రెండోదానిలో చిక్కుపడి ఉండవచ్చు, ఎందుకంటే ఈసారి ఒకే వాక్యంలో రెండు రచనలనూ, వాటి మధ్య తేడానూ, ఆ తేడాపై మీ అభిప్రాయాన్నీ పట్టి ఉంచవలసి వచ్చింది. ఇది నేను ప్రతి తరగతిలోనూ చూస్తున్నదే. మీ రెండో వ్యాసంలోనుండి చిక్కుపడిన ఒక వాక్యాన్ని ఎత్తి ఇచ్చి, అది మోయడానికి ప్రయత్నించిన ఆలోచన ఏమిటో విడదీసి, ఇప్పుడైతే దాన్ని ఏ విధంగా రెండు మూడు వాక్యాలుగా పెడతారో అక్కడే రాసి చూపండి. మార్కులు తగ్గిన వ్యాసమే మీ వాదానికి అతి బలమైన సాక్ష్యంగా మారుతుంది. అడిగిన పని కూడా ఒకటే అయి, నిర్లక్ష్యం వల్లనే మార్కులు తగ్గి ఉంటే మాత్రం ఈ వివరణను అరువు తెచ్చుకోకండి. ఆ సంగతి మీ అధ్యాపకులకు ఎలాగూ తెలుసు.

అసలు ఈ పరిశీలన వ్యాసాన్ని ఎందుకు రాయిస్తారన్న సందేహం కూడా మీ ప్రశ్న వెనుక ఉన్నట్టు నాకు అనిపించింది. ఒకచోట నేర్చిన నైపుణ్యం మరోచోటికి దానంతటదే వెళుతుందన్న భరోసా లేదు. డేవిడ్ పెర్కిన్స్, గవ్రియేల్ సాలొమన్ అనే విద్యా మనస్తత్వవేత్తలు 1980లలో దీని గురించి రాస్తూ, ఈ బదిలీ రెండు దారుల్లో జరుగుతుందన్నారు. విస్తృతమైన అభ్యాసం వల్ల, దగ్గరి పోలికలున్న పనుల మధ్య ఆలోచించకుండానే జరిగేది ఒకటి. నేర్చినదాన్ని బుద్ధిపూర్వకంగా ఒక సూత్రంగా విడదీసుకుని, పోలిక లేని పనికి వర్తింపజేయడం మరొకటి. కథకూ విశ్లేషణకూ మధ్య పైకి పోలిక తక్కువ కనుక అక్కడ ఈ రెండో దారి అవసరమవుతుంది. చేష్టను పెట్టి భావాన్ని వెనక్కి నెట్టడం అనే పనికి ఒకసారి మాటలు దొరికితే, రేపు మీరు ఒక ప్రాజెక్టు నివేదిక రాసేటప్పుడు కూడా అది పనికి వస్తుంది. మాటలు దొరకకపోతే ఆ నేర్పు ఆ కథలోనే ఉండిపోతుంది.

రాయడంలోకి దిగిన తర్వాత మీరు పడబోయే గోతిని ముందే చూపుతాను. మొదటి నెలలో ఏం రాశాను, రెండో నెలలో ఏం రాశాను అన్న క్రమంలో వ్యాసం దానంతటదే బయలుదేరుతుంది. లిండా ఫ్లవర్ 1979లో రాసిన ఒక వ్యాసంలో రచయిత కోసం ఉండే వచనానికీ, పాఠకుడి కోసం ఉండే వచనానికీ ఉన్న తేడాను చర్చించారు. మొదటి రకం వచనం రచయితకు విషయం తెలిసిన క్రమంలోనే నడుస్తుంది. ఆలోచించడానికి అది మంచి సాధనం, అందువల్ల చిత్తుప్రతిలో దానికి చోటివ్వండి. అయితే చివరి ప్రతిని కాలక్రమంలో కాకుండా ఒక వాదం చుట్టూ నిలబెట్టాలి. నాలుగు రచనలకూ సమానంగా చోటు పంచవలసిన పని లేదు. రెండింటిని లోతుగా తీసుకుని, మిగిలిన రెండింటిని ఒక్కో వాక్యంలో ప్రస్తావించి వదిలినా ఏ అధ్యాపకుడూ తప్పుపట్టడు. నాలుగింటినీ పైపైన తడిమిన వ్యాసాన్నే తప్పుపడతారు.

ఏ విషయంలో ఎదగలేదో కూడా రాయవచ్చా అని కొందరు భయపడతారు, మార్కులు పోతాయని. రాయవచ్చు. కాకపోతే దాన్ని వినయ ప్రదర్శనగా కాకుండా నిర్ధారణగా రాయాలి. "నేను ఇంకా చాలా నేర్చుకోవాలి" అన్నది ఎవరైనా రాయగల వాక్యం. "నా రెండు విశ్లేషణల్లోనూ నా వాదానికి ఎదురు నిలిచే ఆధారాన్ని నేను ఎక్కడా ప్రస్తావించలేదు, కథలో మాత్రం నాకు నచ్చని పాత్రకు కూడా సరైన కారణాలు ఇవ్వగలిగాను" అన్నది మీ ప్రతులను ఎదురుగా పెట్టుకుంటే తప్ప రాయలేని వాక్యం. లోపాన్ని ఇంత నిర్దిష్టంగా చెప్పగలిగినవారి వ్యాసానికి మార్కులు తగ్గించాలని నాకు ఎన్నడూ అనిపించలేదు. ప్రసంగవశాత్తూ ఒక మాట: ఏదైనా రచనలో కొన్ని పేరాలను కృత్రిమ మేధ సాధనం చేత రాయించి ఉంటే వాటిని ఈ పరిశీలనకు తీసుకోకండి. అక్కడ ఎంపిక జరిగిన తీరు మీకు తెలియదు కనుక వివరించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. రెండో వాక్యానికల్లా అది బయటపడుతుంది.

చిన్న సంగతులు కొన్ని. మీ సొంత వాక్యాలను ఉటంకించేటప్పుడు ఇతరుల రచనను ఉటంకించినట్టే గుర్తులు పెట్టి, ఏ ప్రతిలోనిదో చెప్పండి. రాయడమంటే మీకున్న భయంతోనో, చిన్ననాటి ఇష్టంతోనో మొదలుపెట్టకండి. నేరుగా ఒక సవరణతో మొదలుపెట్టండి. "చాలా", "ఎంతో", "అద్భుతంగా" అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా అక్కడ ఉండవలసిన ఉదాహరణ ఏదో తప్పిపోయిందని అనుమానించండి.

చివరగా, అధ్యాపకులు ఇచ్చిన ఒక సూచనను మీరు పాటించలేదని, దాని గురించి రాస్తే వారు నొచ్చుకుంటారేమోనని అన్నారు. కథ ముగింపును స్పష్టం చేయమని వారు సూచించగా మీరు అలాగే ఉంచారు. ఆ సూచనను మీరు చదివి, ఒప్పుకోక, కారణంతో పక్కన పెట్టి ఉంటే, నాలుగు రచనల్లోనూ మీరు తీసుకున్న అత్యంత స్వతంత్రమైన నిర్ణయం అదే కావచ్చు, కనుక దాన్ని తప్పక రాయండి. ముందు వారి అభ్యంతరాన్ని వారు ఒప్పుకునేంత న్యాయంగా మీ మాటల్లో చెప్పండి. ఆ తర్వాత ముగింపును స్పష్టం చేస్తే కథలో ఏమి పోతుందో ఒక వాక్యాన్ని ఎత్తి చూపండి. అలా చూపడానికి వాక్యం దొరకకపోతే, వ్యాసం ఇవ్వడానికి ఇంకా గడువు ఉంది కనుక, ముగింపును వారు చెప్పినట్టు ఒకసారి రాసి చూసి, రెండు ముగింపులనూ వ్యాసంలో పక్కపక్కన పెట్టి పోల్చండి.